ఆతిథ్యం ఎవరి పని? - మూడు షాంఘై రచనలు

షాంఘైలో నేను నాలుగేళ్ళున్నాను, 2014 నుంచి 2018 వరకూ. మా ఆయన ఉద్యోగం వల్ల వెళ్ళాం. నా ఉద్యోగం వదులుకుని వెళ్ళాను కాబట్టి, అక్కడ ఎవరైనా మీరేం చేస్తుంటారని అడిగితే వెంటనే జవాబు దొరికేది కాదు. ఆ నాలుగేళ్ళలో నేను నిజంగా చేసిన పనేమిటని ఇప్పుడు లెక్క వేసుకుంటే రెండు కనిపిస్తున్నాయి. ఒకటి, చైనా భాష కొద్దికొద్దిగా నేర్చుకుంటూ, రానిచోట ఇంగ్లీషు అనువాదాల సాయంతో ఆ ఊరి రచయిత్రుల్ని చదవడం. రెండోది, మన దేశం నుంచి వచ్చినవాళ్ళకి ఇంట్లో చోటిచ్చి, వండిపెట్టి, ఊరు చూపించి పంపడం. మొదటిది నా కోసం, రెండోది వాళ్ళ కోసం, రెంటికీ సంబంధం లేదు అనుకునేదాన్ని. 2016 అక్టోబరులో నా కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురు వచ్చి ఎనిమిది రోజులుండి వెళ్ళాక అలా కాదని తెలిసింది.

ఆ ముగ్గురూ నాతో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఒకామె లెక్చరరు, ఒకామె బ్యాంకులో పనిచేస్తుంది, మూడో ఆమె గృహిణి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో భర్తా పిల్లలూ లేకుండా ఆమె ఊరు దాటడం అదే మొదటిసారి. అందుకోసం ఇంట్లో ఎన్ని రోజులు బతిమాలిందో, ఫ్రిజ్‌లో ఎన్ని డబ్బాలు వండి పెట్టి వచ్చిందో విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చేలోపే చెప్పేసింది. వాళ్ళకి ఈ ప్రయాణం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అందుకే ఏ లోటూ రాకూడదని పట్టుబట్టాను.

చైనాలో విదేశీయులు హోటల్లో కాకుండా ఎవరింట్లోనైనా దిగితే 24 గంటల్లోగా పోలీసులకి తెలియజెయ్యాలి. హోటల్ అయితే ఆ పని వాళ్ళే చేస్తారు. ఇల్లయితే అప్పట్లో మనమే వెళ్ళవలసి వచ్చేది. కాబట్టి మా పేటలో ఉన్న చిన్న పోలీసు స్టేషనుకి ముగ్గురి పాస్‌పోర్టులూ, మా అద్దె ఒప్పందం కాగితాలూ పట్టుకుని మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఫారంలో ఆతిథ్యమిచ్చేవారి పేరు రాయవలసిన చోట నా పేరు రాశాను. కౌంటరు వెనకున్న అమ్మాయి అద్దె కాగితం చూసి, నా పేరు కొట్టేసి మా ఆయన పేరు రాసింది. ఆ వారం మా ఆయన బీజింగ్‌లో ఉన్నాడు. వచ్చినవాళ్ళని ఆయన చూడనేలేదు. దీనిమీద మేం నలుగురం రెండు రోజులు నవ్వుకున్నాం. "ఏమే, మీ ఆయన ఆతిథ్యం బ్రహ్మాండంగా ఉందే!" అని భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆటపట్టించేవాళ్ళు.

వాళ్ళొచ్చింది అక్టోబరు ఒకటిన మొదలయ్యే జాతీయ దినోత్సవ సెలవుల్లో. దేశంలో సగం మంది ఊళ్ళు తిరిగే వారం అది. నది ఒడ్డున పాత బ్యాంకుల భవనాలున్న వాయ్‌తాన్‌లో నడిచే దారి లేదు. జనమే మమ్మల్ని నడిపించారు. పీపుల్స్ పార్కులో తల్లిదండ్రులు తమ పిల్లల వయసూ ఎత్తూ జీతమూ కాగితం మీద రాసి, గొడుగులకి అంటించి పెళ్ళిసంబంధాలు వెతుక్కునే చోటుకి తీసుకెళితే, మా లెక్చరరు అక్కడినుంచి కదల్లేదు. "మనవాళ్ళు దీన్ని ఇంత బాహాటంగా చెయ్యరు, అంతే తేడా" అంది. వీధుల్లో ఎక్కడ చూసినా గుయిహువా చెట్ల చిన్న చిన్న పసుప్పచ్చ పూలు. ఆ వాసన ఉక్కపోతతో కలిసి ఊరంతా పట్టేసింది. పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నానికి వెంట తీసుకెళ్ళే పులిహోర డబ్బా, రాత్రి ఇంటికొచ్చేసరికి వేడివేడి అన్నం, పప్పు. ఇస్త్రీ చేసిన దుప్పట్లు. వెళ్ళేముందు రోజు మా బ్యాంకు స్నేహితురాలు వంటగది గుమ్మంలో నిలబడి, "ఈ దేశంకాని దేశంలో ఇదంతా ఎట్లా చేస్తున్నావే?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను "అలవాటైపోయింది" అన్నాను. ఆ జవాబు దగ్గరికి మళ్ళీ వస్తాను.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. అప్పటికి నా బల్లమీద మూడు రచనలున్నాయి. మూడింటినీ అంతకుముందు ఎప్పుడో ఒకప్పుడు చదివినవాటినే. ఈసారి ఆతిథ్యం అన్న ఒక్క విషయం కోసం మళ్ళీ చదివాను.

మొదటిది లూ షియావ్‌మాన్ రాసిన చిన్న జ్ఞాపకం. టాగూరు తమ ఇంట్లో అతిథిగా ఉండటం గురించి. ఆవిడ (1903-1965) చిత్రకారిణి. ఆవిడ భర్త కవి షూ జిమో. 1924లో టాగూరు చైనా పర్యటనకి వచ్చినప్పుడు ఆయనకి దుబాసీగా ఉన్నదీ, తర్వాత ఆయనకి కొడుకులాంటివాడైనదీ ఇతనే. లూ షియావ్‌మాన్ మొదటి భర్తకి విడాకులిచ్చి 1926లో ఇతన్ని పెళ్ళి చేసుకుంది. ఆ కాలానికి అది పెద్ద దుమారం. 1929లో టాగూరు జపాన్, అమెరికాల ప్రయాణంలో షాంఘైలో ఆగి వీళ్ళింట్లో దిగారు. మొదటిసారిలా సభలూ సన్మానాలూ వద్దన్నారు, ఇంటిమనిషిలా ఉండి వెళతానన్నారు. భార్యాభర్తలిద్దరూ హడావుడి పడి ఒక గదిని భారతీయ పద్ధతిలో అలంకరించారు. తీరా ఆయన వచ్చి, ఆ గది కంటే వీళ్ళు పడుకునే పాతకాలపు చైనా మంచమున్న గదే బాగుందని, అక్కడే ఉంటానన్నారు. దాన్ని ఇచ్చేశారు.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు ముచ్చటపడ్డాను. మన టాగూరు, షాంఘై ఇల్లు, ఆ చనువు! రెండోసారి చదివినప్పుడు మాత్రం ఇల్లాలి వైపు నుంచి చదివాను. వచ్చే పెద్దమనిషికి ఏది నచ్చుతుందో ఊహించి ఒక గదంతా సర్దడం ఎంత పనో నాకు తెలుసు. ఆ పని అవసరం లేదని అతిథి ఒక్కమాటలో తేల్చేస్తే దాన్ని ఆయన గొప్పతనంగా, ఆత్మీయతగా తీసుకోవాలి. తన పడకగది ఖాళీ చేసి ఇవ్వడం త్యాగం కాదు, భాగ్యం. లోకమంతా చెడ్డదని వేలెత్తి చూపిస్తున్న కోడల్ని ఒక మహాకవి ఆప్యాయంగా చూడటం ఆవిడకి ఎంత అవసరమో కూడా అర్థమవుతుంది. ఆ ఆదరణకి బదులుగా ఆవిడ ఇవ్వగలిగింది ఇల్లే. కానీ రచన దృష్టంతా అతిథి మీద, ఆయన మంచితనం మీద. గది ఎవరు ఊడ్చారు, అన్నం ఎవరు వండారు అన్నవి అందులో విషయాలే కావు. నౌకర్లున్న ఇల్లది. ఆతిథ్యం గురించి ఇల్లాలు రాసినప్పుడు కూడా అది అతిథి కథగానే మిగిలింది.

రెండోది వాంగ్ ఆన్‌యి నవల 'ఛాంగ్ హెన్ గె'. పేరు తాంగ్ రాజుల కాలపు కవి బాయ్ జుయి కావ్యానిది. అంతులేని దుఃఖగీతం అని చెప్పుకోవచ్చు. 1990లలో వచ్చిన ఈ నవలకి 2000లో మావో దున్ బహుమతి ఇచ్చారు. 1946లో 'మిస్ షాంఘై' పోటీలో మూడో స్థానం గెలిచిన వాంగ్ చియావ్ అనే అమ్మాయి నలభై ఏళ్ళ జీవితం. ఒక పెద్ద అధికారికి ఉంపుడుగత్తె అవుతుంది. అతను విమాన ప్రమాదంలో చనిపోతాడు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఒక సందులో గది తీసుకుని, ఇంజెక్షన్లు చేస్తూ ఒంటరిగా బతుకుతుంది. చాలామంది దీన్ని పాత షాంఘై మీద బెంగతో రాసిన నవలగా చదువుతారు. ఆ అందాల పోటీ, ఆ గౌన్లు, ఆ సందుల వర్ణనలు చూస్తే అలా అనిపించడం సహజమే.

నాకు మాత్రం ఇది ఒక ఇల్లాలి జమాఖర్చుల పుస్తకంలా కనిపించింది. 1957 చలికాలం. బయట రైటిస్టుల మీద ఉద్యమం నడుస్తోంది. ఈమె గదిలో పొయ్యి చుట్టూ నలుగురు కూర్చుని కబుర్లాడుకుంటారు. పక్కింటి డబ్బున్నావిడ, ఆవిడ తమ్ముడి వరసయ్యే కాంగ్ మింగ్‌షున్, రష్యన్ తల్లికి పుట్టిన సాషా, తను. మొదటిసారి వాళ్ళని భోజనానికి పిలిచినప్పుడు ఆమె కొన్నది ఒక్క కోడి. రొమ్ముమాంసం తీసి వేపుడుకి పక్కన పెడుతుంది. మిగిలినదాంట్లో సగం పులుసుకి, సగం ఉడికించి చల్లారబెట్టి ముక్కలు కోయడానికి. ఒక్క కోడి బల్లమీద మూడు వంటకాలుగా కనబడుతుంది. వచ్చినవాళ్ళకి లేమి కనబడకూడదు, ఆడంబరమూ కనబడకూడదు. ఈ లెక్క తెలియని ఆడమనిషి మన ఇళ్ళలో ఉందా? పాలు సరిపోకపోతే నీళ్ళెంత కలపాలో, ఎవరి కప్పులో కలపాలో మా అమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నవలా విమర్శలో ఇలాంటి పేరాలని 'వాతావరణ చిత్రణ' అని ఒక్క మాటతో దాటేస్తాం. అది వాతావరణం కాదు, పని.

వాంగ్ ఆన్‌యి ఇంకా ముందుకి వెళ్ళింది. ఈ ఆతిథ్యం ఆమెకి ఏమిచ్చింది? కాంగ్ మింగ్‌షున్ వల్ల గర్భం వస్తుంది. అతను తన కుటుంబాన్ని ఎదిరించలేడు. బిడ్డని ఆమె ఒక్కతే పెంచుతుంది. 1980లు వచ్చేసరికి పాత షాంఘై మళ్ళీ ఫ్యాషనవుతుంది. కుర్రకారు ఆమె ఇంట్లో చేరి పార్టీలు చేసుకుంటారు. ఆమె మళ్ళీ వండి పెడుతుంది. చివరికి ఆ పార్టీలకి వచ్చే ఒక కుర్రాడు, పాత అధికారి ఆమెకిచ్చిన బంగారం కోసం ఆమె గొంతు నులిమి చంపేస్తాడు. హంతకుడు దొంగతనంగా కొత్తగా దూరినవాడు కాదు, ఆ ఇంట్లో తిని వెళ్ళినవాడే. అతిథిని దేవుడిగా చూడమని ఉపనిషత్తు చెప్పింది. అయితే ఆ ఉపదేశం గురువు శిష్యుడికి చేసింది, మగవాడు మగవాడికి చేసింది. వండేవాళ్ళతో ఎవరూ మాట్లాడలేదు. ఆతిథ్యం మీద మన సంస్కృతులు కట్టిన గుడిలో ఇల్లాలికి జరిగేదేమిటో వాంగ్ ఆన్‌యి చివరిదాకా రాసింది.

ఈ రెండూ చదివాక నా మీద నాకు కొంత జాలి, కొంత గర్వం కలిగాయి. ఫారంలో కొట్టేసిన నా పేరు గుర్తొచ్చింది. నేనూ వాంగ్ చియావ్‌లాగే లెక్క వేసి మూడు వంటకాలు చేసినదాన్నే అనుకున్నాను. 'ఆతిథ్యం-అదృశ్య శ్రమ' అని ఒక వ్యాసం మొదలు కూడా పెట్టాను. మూడో రచన దాన్ని సాగనివ్వలేదు.

అది జాంగ్ ఐలింగ్ కథ. ఈవిడ 1920లో షాంఘైలో పుట్టి, 1995లో లాస్ ఏంజెలెస్‌లో ఒంటరిగా చనిపోయింది. కథ 1944 నాటిది, జపాన్ ఆక్రమణలో ఉన్న షాంఘై. గుయిహువా పూసే రోజుల్లో వచ్చే ఉక్కని అక్కడివాళ్ళు పిలిచే పేరు కథ శీర్షికలోనే ఉంది. నా స్నేహితురాళ్ళు వచ్చిన వారం ఉన్నది సరిగ్గా ఆ ఉక్కే. కథంతా ఒక్క రోజులో నడుస్తుంది. ఆషియావ్ అనే పనిమనిషి, ఒంటరిగా ఉంటున్న ఒక విదేశీయుడి ఇంట్లో పనికి పొద్దున్నే కొడుకు చెయ్యి పట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ వస్తుంది. యజమాని కోసం వచ్చే ఆడవాళ్ళ ఫోన్లకి వచ్చీరాని ఇంగ్లీషులో జవాబులు చెబుతుంది, అతని తరఫున అబద్ధాలాడుతుంది. యజమాని పిసినారి. ఏ కొత్త స్త్రీని భోజనానికి పిలిచినా అదే వంట. ఒకే మాంసం ముక్కని ఉడికించి ఆ నీళ్ళు సూపుగా పోయించి, ఆ ముక్కనే తీసి వేయించి పెట్టిస్తాడు. ఆఖర్న తీపికి పెట్టేది మరీ నాసిగా ఉంది. ఆషియావ్‌కి సిగ్గనిపిస్తుంది, అతనిమీద జాలి కలుగుతుంది. తన వాటా రేషన్ పిండి తీసి, కలిపి, అట్లు పోసి పంపుతుంది.

ఈ చోట ఆగిపోయాను. యుద్ధకాలంలో రేషన్ పిండి అంటే కొడుకు తిండి. దాంతో యజమాని పరువు నిలిపింది. లోపల బల్లదగ్గర కూర్చున్న స్త్రీ ఆ అట్లు తిని ఎవర్ని మెచ్చుకుని ఉంటుంది? జాంగ్ ఐలింగ్ గొప్పతనం ఏమిటంటే ఆషియావ్‌ని త్యాగమూర్తిని చెయ్యదు. ఆషియావ్‌కి నోరుంది, టెక్కుంది, యజమాని మీద వెటకారముంది. ఆమెకి కూడా అతిథులున్నారు. పక్క ఇళ్ళలో పనిచేసే స్నేహితురాళ్ళు వస్తే అదే వంటగదిలో కూర్చోబెట్టి, చేతిలో పని ఆపకుండానే అన్నం పెడుతుంది, పెళ్ళి కబుర్లాడుతుంది. ఒకే ఇంట్లో రెండు ఆతిథ్యాలు. ముందుగదిలోది పిసినారిది, వంటగదిలోది నిండైనది. ఆ రాత్రి వాన వల్ల ఆమె ఆ వంటగదిలోనే పడుకోవలసి వస్తుంది. కథ పెద్ద ముగింపేమీ లేకుండా అయిపోతుంది.

చదివేటప్పుడు ఆషియావ్ పక్కనే ఉన్నాననుకున్నాను. పుస్తకం మూశాక, షాంఘైలో ఇల్లు తీసుకుని పనిమనిషిని పెట్టుకున్న విదేశీయురాలిని నేనేనని స్ఫురించింది.

మా ఇంటికి ఒకావిడ వచ్చేది. అన్‌హుయ్ రాష్ట్రంలోని పల్లెటూరావిడ, నా కంటే రెండేళ్ళు పెద్ద. చైనాలో ఇంటిపనివాళ్ళని 'ఆయి' అంటారు. పిన్ని అని అర్థం. మొదట్లో ఆ మాట నాకెంతో నచ్చింది. మనలా 'పనిమనిషి' అనకుండా వరస కలిపి పిలుస్తున్నారు కదా అని. పిన్నితో జీతం మాటా సెలవు మాటా ఎవరు మాట్లాడతారన్నది తర్వాత తోచింది. పీపుల్స్ పార్కుకి వెళ్ళిన రోజు రాత్రి ఇంటికొచ్చేసరికి వేడిగా ఉన్న అన్నం ఆవిడ వండినదే. దుప్పట్లు ఇస్త్రీ చేసింది ఆవిడే. పప్పు తాలింపు నా దగ్గర నేర్చుకుని, మూడో రోజుకి నా కంటే బాగా పెట్టింది. పులిహోర కలిపింది నేనే, ఆ మాట నిజం. మేం నలుగురం వంటగదిలో నవ్వుతూ దిగిన ఫోటో ఒకటుంది. నా ఫోను పట్టుకుని ఆ ఫోటో తీసింది ఆవిడే. "ఎట్లా చేస్తున్నావే" అని స్నేహితురాలు అడిగినప్పుడు ఆవిడ అక్కడే, గిన్నెలు తోముతూ ఉంది. మేం తెలుగులో మాట్లాడుకుంటున్నాం. నేను "అలవాటైపోయింది" అన్నాను.

సెప్టెంబరులో ఆవిడని అడిగాను, సెలవుల వారంలో స్నేహితులొస్తున్నారు, పొద్దునా సాయంత్రమూ రాగలవా అని. "సరే" అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. అదనపు గంటలకి డబ్బిచ్చాను, హైదరాబాదు నుంచి వచ్చిన స్వీట్ల డబ్బా ఇచ్చాను. ఫిబ్రవరిలో, చైనా కొత్త సంవత్సరానికి ఊరు వెళ్ళొచ్చిన తర్వాత, కొడుకు ఎంత పొడుగయ్యాడో చేత్తో చూపిస్తూ, ఏడాది తర్వాత చూశాను కదా అంది. ఏడాదా అన్నాను. ఏటా రెండుసార్లు వెళతానని, కొత్త సంవత్సరానికీ, అక్టోబరు సెలవులకీ అని చెప్పింది. అక్టోబరు ఎందుకు వెళ్ళలేదని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు.

తర్వాత తెలుసుకున్నవి కొన్ని. అక్టోబరు మొదటి మూడు రోజుల్లో పనిచేయిస్తే మూడింతల జీతం ఇవ్వాలని చైనా కార్మిక చట్టం. కానీ ఇళ్ళు నేరుగా పెట్టుకునే పనివాళ్ళకి ఆ చట్టం వర్తించదు. పుట్టిన ఊరి రిజిస్ట్రేషన్ కాగితాన్నిబట్టే బడి సౌకర్యాలన్నీ ఉండటంవల్ల ఇలాంటి తల్లులు చాలామంది పిల్లల్ని పల్లెలో ముసలివాళ్ళ దగ్గర వదిలి వస్తారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి హక్కుల కోసం 189వ ఒప్పందం చేసింది. చైనా దాన్ని ఆమోదించలేదు. భారతదేశమూ ఆమోదించలేదు. కాబట్టి దీన్ని చైనా సంగతిగా చెప్పుకుని నేను తప్పించుకోలేను. హైదరాబాదులోనైనా దసరాకి చుట్టాలొస్తే పనమ్మాయిని సెలవు పెట్టొద్దని మనం చెప్పే మాట ఇదే.

వంటింటి గురించి తెలుగులో స్త్రీవాదులు రాసినవి చాలా విలువైనవి. విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ లేకపోతే నేను నా జీవితాన్ని ఇలా చూడగలిగేదాన్నే కాదు. వాటిని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. నేనడిగేది పాఠకురాలిగా నన్ను నేనే. వంటింటి కథ చదివిన ప్రతిసారీ ఆ పాత్రలో నన్నే చూసుకోవడానికి ఎందుకంత తొందర? అదృశ్య శ్రమ అన్న మాట నేర్చుకున్నాను. దాన్ని మొదట నాకే తగిలించుకున్నాను. ఫారంలో నా పేరు కొట్టేశారని నవ్వుకున్నాను, బాధపడ్డాను కూడా. ఆ ఫారంలో మూడో పేరుకి అసలు చోటే లేదని నాకప్పుడు తట్టలేదు. లూ షియావ్‌మాన్ రచనలో కనిపించని మనుషుల గురించి అంత సులువుగా అడిగినదాన్ని, నేను స్నేహితురాళ్ళకి చెప్పిన కథలో కూడా అదే చేశాను.

విమర్శ అంటే పాత్రల్లో ఎవరు మనమో కనుక్కోవడం ఒక్కటే అయితే జాంగ్ ఐలింగ్ కథ నన్ను ఇంత ఇబ్బంది పెట్టేది కాదు. ఎవరు మనం కాదో కూడా చూపించింది కాబట్టే అది మంచి కథ. ఆ వ్యాసం అప్పుడు ఆపేశాను. 2017 అక్టోబరులో మళ్ళీ చుట్టాలు వస్తామన్నారు. ఆ వారం వద్దు, నవంబరులో రమ్మన్నాను. ఆయి ఊరికి వెళ్ళింది, ఆ పది రోజుల జీతమూ ఇచ్చాను. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయం కాదు, నాలుగేళ్ళలో ఒక్కసారి చేసినది. నవంబరులో చుట్టాలొచ్చినప్పుడు మాత్రం పప్పు బాగుందన్న మాట రాగానే, ఎవరు చేశారో చెప్పి, ఆవిడని వంటగదిలోంచి పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, మా అందరినీ చూసి, ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగింది.